గేజి పుస్తకంలో తవిటమ్మ

నీళ్ళు వదలడం, నీళ్ళు ఆపడం,
ముప్పై ఒక్క ఏళ్ళుగా నా పని ఇదేనండి.
లాకుల దగ్గర లస్కర్ని.
పొద్దున్న ఆరింటికోసారి, సాయంత్రం ఆరింటికోసారి
మెట్ల పక్క తెల్లరంగు అంకెలు చూసి
గేజి పుస్తకంలో రాస్తాను.
కోడి కడుపులో నీరు కూడా
కొలవాల్సొస్తుందని ఎవరనుకున్నారు.

కుంచెడు తవుడికి ఒక్క పిల్ల,
బేరమాడి తెచ్చింది ఏస్తేరు.
అందుకే తవిటమ్మ.
పూల పెట్ట. ఎడమ కాలికి ఒక వేలు తక్కువ,
ముంగిస మిగిల్చిన లెక్క అది.
గుడ్డు పెట్టినప్పుడల్లా లాకు గోడెక్కి
లాంచీ వచ్చేస్తోందన్నంత గోల చేసేది.

మాఘంలో గోల మానేసింది.
ఫాల్గుణానికి బాతులా నడిచింది,
కాళ్ళు ఎడంగా, ఒళ్ళు నిటారుగా,
నెలలు నిండిన మనిషి గట్టు దిగుతున్నట్టు.
లోపల గుడ్లు గుత్తిగా ఉన్నాయని ఏస్తేరు మురిసింది.
నేను చెయ్యి పెట్టి చూశాను.
గుడ్డు కాదు.
వేలితో ఒక పక్క తడితే
రెండో పక్క అల అందింది.
ఆ అల నాకు తెలుసు.
తలుపు వెనక నిండిన నీరు
చెక్కని అలాగే ముట్టుకుంటుంది.

"పులుసుకి పనికొచ్చేలోపే కానిచ్చెయ్ బాబాయ్"
రేవులో వల ఆరేసుకుంటూ ఓలేటి పోతురాజు.
ఏస్తేరు అటు చూడలేదు.
గంప తెచ్చి సైకిలు క్యారేజీకి కట్టింది.

పశువుల ఆసుపత్రి నిండా గేదెలు.
వాటి మధ్య గంప దించితే అందరూ నవ్వారు.
కాంపౌండరు బులిరాజు నవ్వలేదు.
"కాలేయం చెడిందో, గుడ్డు లోపలే పగిలిందో.
నయం చెయ్యలేమండి. తేలిక చెయ్యగలం."
కుడి పక్కన, కిందగా, ఈకలు తడిపి పాయ తీసి
సూది ఎంత దించాలో
నా వేలు పట్టుకుని చూపించాడు.
"ఒకేసారి మొత్తం లాగెయ్యకండి, గుండె ఆగిపోద్ది."

నాకా చెబుతావు తమ్ముడూ!
రాత్రికి రాత్రి కాలువ దింపేస్తే
గట్టు ఎలా జారిపోద్దో చూసినవాణ్ణి.
వరదనాడు కూడా పన్ను పన్నూ లెక్కపెట్టి
తలుపు లేపినవాణ్ణి.

ఏస్తేరు ఒళ్ళో తువ్వాలు, తువ్వాల్లో తవిటమ్మ,
కళ్ళ మీద కొంగు.
తాటిబెల్లం కడిగిన రంగులో వచ్చింది నీరు,
సిరంజి వెనక సిరంజి, గాజు గ్లాసులోకి.
వంద. నూట ఎనభై. రెండొందల నలభై.
ఆపేశాను. ఇంకా ఉంది, అయినా ఆపేశాను.
ఆ రాత్రి నోరు మూసుకుని ఊపిరి తీసింది.
నేరేడు పండులా కమిలిన తురాయి
తెల్లారేసరికి కాస్త ఎర్రబడింది.
దండెం ఎక్కలేదని
మూడు ఇటుకలు మెట్లుగా పేర్చాను.

గ్లాసులో నీళ్ళు ఎక్కడ పొయ్యాలో తెలీలేదు.
కాలువలోకి చెయ్యి రాలేదు, ఊళ్ళు తాగే నీరు.
అరటి పిలక మొదట్లో పోసి
కాసేపు అక్కడే నిలబడ్డాను.

తొమ్మిది రోజులకి మళ్ళీ నిండింది.
ఆ తర్వాత వారానికి.
ఆ తర్వాత ఐదు రోజులకే.
లెక్క ఎక్కడో ఒకచోట ఉండాలి కదండి.
గేజి పుస్తకంలో ఆఖరి గడి ఎప్పుడూ ఖాళీయే.
తవిటమ్మ, 240.
తవిటమ్మ, 265.

కాలువలు కట్టే ముందు కొత్త ఏఈ గారొచ్చారు.
చిన్నపిల్ల, ఎండకి మొహం కందిపోయింది.
పుస్తకం తిరగేసి తిరగేసి
"తవిటమ్మ తూము ఎక్కడుందండీ? మ్యాపులో లేదే" అన్నారు.
"శివారు ఆయకట్టండి" అన్నాను.
"నీరు అందుతోందా?"
"ఎక్కువవుతోందండి."
ఆవిడ తల ఊపి రాసుకున్నారు.

ఇవాళ తలుపులు దించేశాం.
కాలువ అడుగు బయటపడింది,
ఒక చెప్పు, గుల్లలు, ఎవరిదో ఇత్తడి చెంబు.
గంప తెచ్చి బురద అంచున దించాను.
తవిటమ్మ ఒక నత్తని పొడిచింది.
మింగలేదు.
మళ్ళీ పొడిచింది.

సాయంత్రం ఆరు. గేజి సున్న.
ఆఖరి గడి ఇంకా రాయలేదు.
ఏస్తేరు పొయ్యి మీద సూది మరగబెడుతోంది.